ప్రింటరు అదే, కంప్యూటరూ అదే. మరి డ్రైవర్లు ఎందుకు మారుస్తుంటారు?

బ్రాడీపేట జిరాక్స్, గుంటూరు

అందరికీ నమస్కారం. మాది బ్రాడీపేటలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. రెండు అసెంబుల్డ్ సిస్టమ్‌లు, ఒక పాత లేజర్ ప్రింటరు, స్కానర్‌తో కలిసి ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఒకటి ఉన్నాయి. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పొద్దున షాపు తీయకముందే పిల్లలు హాల్ టికెట్లకీ, సర్టిఫికెట్ల స్కానింగ్‌కీ వచ్చి నిలబడి ఉంటారు.

మొన్న బుధవారం పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే అప్‌డేట్స్ అవుతున్నాయి, ఆపొద్దు అంటూ చాలాసేపు తిరుగుతూ కూర్చుంది. అది అయ్యాక ప్రింట్ వస్తోంది కానీ స్కాన్ రావడం లేదు. స్కానర్ దొరకలేదు అంటోంది. కేబుల్ మార్చాను, వేరే యూఎస్‌బీలో పెట్టి చూశాను, లాభం లేదు. మా లైన్లోనే సర్వీసింగ్ చేసే అబ్బాయిని పిలిస్తే కూర్చోకుండానే "ఫార్మాట్ కొట్టాలి మేడం" అన్నాడు. అందులో అను తెలుగు ఫాంట్లు, పెళ్లికార్డుల డిజైన్లు, కస్టమర్ల ఫైళ్లు అన్నీ ఉన్నాయి. నేను ఒప్పుకోలేదు.

ఇంకో సంగతి. స్క్రీన్ మూల ఒక బొమ్మ వచ్చి "మీ సిస్టమ్‌లో 17 డ్రైవర్లు పాతబడిపోయాయి, వెంటనే అప్‌డేట్ చేయండి" అంటోంది. నొక్కితే డబ్బులు కట్టమంటోంది.

నా అనుమానం ఒకటే. ప్రింటరు మారలేదు, కంప్యూటరు మారలేదు. కొన్న రోజు ఇచ్చిన డ్రైవరు ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. మరి దాన్ని మార్చాల్సిన అవసరం ఎందుకు వస్తుంది? ఎవరు మారుస్తున్నారు? అసలు ఇవన్నీ ఆపేసుకోవచ్చా? కాస్త తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

అరండల్‌పేట కుర్రాడు, గుంటూరు

అక్కా, సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్ డిసేబుల్ చేసెయ్యండి. నేను సిస్టమ్ కొన్న రోజే ఆపేశాను, ఇంతవరకు ఏ గొడవా లేదు. బాగా నడుస్తున్నదాన్ని కెలక్కూడదు. అంతే.

గవర్నర్‌పేట సర్వీసింగ్, విజయవాడ

మేడం గారూ, ఫార్మాట్ వద్దన్నారు చూడండి, చాలా మంచి పని చేశారు. ప్రింట్ వస్తూ స్కాన్ ఒక్కటే పోయిందంటే అది ఫార్మాట్ దాకా పోవాల్సిన సమస్య కాదు. ఎలా సరిచేసుకోవాలో కింద రాస్తాను. కానీ మీరు ఎందుకు అని అడిగారు. మా కౌంటర్ దగ్గర ఆ మాట అడిగేవాళ్లు తక్కువ, అడిగితే కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. విండోస్ 98 రోజుల నుంచీ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను.

ప్రింటరు అదే అన్నారు. నిజమే. కానీ డ్రైవరు ఉండేది ప్రింటర్లో కాదు, విండోస్‌లో. ఈ పేజీని ప్రింట్ చేయాలి అన్నంతవరకే విండోస్‌కి తెలుస్తుంది. ఫలానా మోడల్‌కి ఏ సంకేతాలు, ఏ వరసలో పంపాలో దానికి తెలియదు. అది తెలిసిన ప్రోగ్రామే డ్రైవరు. మామూలుగా ఆ వస్తువు తయారుచేసినవాళ్లే దాన్ని రాసిస్తారు.

మన జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనపడే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 సంగతే తీసుకోండి. అక్షరాల్ని చుక్కలుగా మార్చే పని ఆ ప్రింటరు సొంతంగా చేసుకోదు. డ్రైవరు మీ కంప్యూటర్లోనే ఆ పని పూర్తిచేసి, చుక్కల్ని దానికి పంపుతుంది. ఇంకో విశేషం ఏమిటంటే, స్విచ్ ఆపగానే ఆ ప్రింటరు లోపల నడిచే ప్రోగ్రామ్ కూడా చెరిగిపోతుంది. మళ్లీ స్విచ్ వేసినప్పుడల్లా డ్రైవరు ఆ ఫైల్‌ని యూఎస్‌బీ కేబుల్ గుండా లోపలికి ఎక్కించాలి. డ్రైవర్ లేని కంప్యూటరుకి తగిలించారనుకోండి, లైట్లు వెలుగుతాయి తప్ప కాగితం మీద ఒక్క గీత పడదు. అంటే మీరు ప్రింటరు అనుకుంటున్నదాంట్లో సగం నిజానికి మీ కంప్యూటర్లోనే ఉంది. బయటి సగం మారకపోయినా, లోపలి సగం చుట్టూ విండోస్ మారిపోతూ ఉంటుంది.

అలా మారినప్పుడు ఏమవుతుందో 2007లో అందరం చూశాం. ఆ జనవరిలో ఎక్స్‌పీ తర్వాతి విండోస్, విస్టా వచ్చింది. అందులో గ్రాఫిక్స్ డ్రైవరు రాసే పద్ధతే మార్చేశారు. కంపెనీల దగ్గర కొత్త పద్ధతికి తగిన డ్రైవర్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తర్వాత అమెరికాలో ఒక కోర్టు కేసులో మైక్రోసాఫ్ట్ సొంత లెక్కలు బయటపడ్డాయి. వాళ్లు నమోదు చేసిన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా డ్రైవర్ల వల్లే. ఇక్కడ జనం మాత్రం విస్టానే తిట్టుకుంటూ "మాకు ఎక్స్‌పీ వేసివ్వండి బాబూ" అని సీపీయూలు మోసుకొచ్చేవాళ్లు. ఆ తర్వాత 32 బిట్ అనే పాత రకం విండోస్ నుంచి 64 బిట్ అనే కొత్త రకానికి మారడం ఇంకో దెబ్బ. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ హార్డ్‌వేర్ డ్రైవరు ఎక్కదు. బంగారంలాంటి స్కానర్లు, కంపెనీ 64 బిట్ డ్రైవరు ఇవ్వకపోవడంతో మూలన పడ్డాయి. వస్తువులో ఏ లోపమూ లేదు. దానికి డ్రైవరు రాసేవాళ్లు లేకపోయారు, అంతే.

మామూలు సాఫ్ట్‌వేర్‌కీ డ్రైవర్‌కీ ఉన్న పెద్ద తేడా కూడా చెప్పాలి. మీ పేజ్‌మేకర్ ఆగిపోతే అదొక్కటే మూసుకుపోతుంది. హార్డ్‌వేర్ డ్రైవర్లు చాలావరకు విండోస్ గుండెకాయలో, కెర్నెల్ అంటారు, అక్కడ నడుస్తాయి. అక్కడ ఒక్క తప్పు జరిగితే మొత్తం సిస్టమ్ బ్లూ స్క్రీనే. 2024 జూలై 19 గుర్తుందా? విమానాశ్రయాల్లో కంప్యూటర్లు పడిపోయి, హైదరాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి చెందిన ఒక కెర్నెల్ డ్రైవరు, తనకొచ్చిన కొత్త ఫైల్‌ని సరిగ్గా చదవలేక కుప్పకూలింది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయని మైక్రోసాఫ్టే అంచనా వేసింది. అది హార్డ్‌వేర్ డ్రైవరు కాదు, కానీ నడిచేది అదే చోట. ఆ చోట నడిచేదాంట్లో దోషం కనపడితే కంపెనీ దిద్ది పంపక తప్పదు. అప్‌డేట్లలో మంచి భాగం ఇలాంటి దిద్దుబాట్లే. ల్యాప్‌టాప్ మూత తెరిస్తే వైఫై కలవకపోవడం, స్లీప్ నుంచి లేస్తే సౌండ్ రాకపోవడం, ఇలాంటివన్నీ డ్రైవర్‌లో రెండు మూడు లైన్లు మారిస్తే పోయే సమస్యలు కావచ్చు.

పైన తమ్ముడు అప్‌డేట్స్ ఆపెయ్యమన్నాడు. తమ్ముడూ, ఈ ఒక్క విషయంలో నీ మాట ఒప్పుకోలేను. ఇది ప్రమాదకరమైన సలహా. 2017 అక్టోబరులో క్రాక్ అనే లోపం బయటపడింది. మనందరం వాడే డబ్ల్యూపీఏ2 వైఫై భద్రతలోనే అది ఉంది. దగ్గర్లో కూర్చున్నవాడు మీ ఫోనుకీ రూటర్‌కీ మధ్య పోయే సమాచారాన్ని చదవగలిగే లోపం. దాన్ని సరిచేసింది విండోస్ అప్‌డేట్లు, వైఫై డ్రైవర్ అప్‌డేట్లే. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అని ఇంకోటి. విండోస్‌లో ప్రింట్లు చూసుకునే స్పూలర్ అనే భాగంలో లోపం. దాన్ని పట్టుకుని బయటివాడు మీ సిస్టమ్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలడు. మీ షాపులో ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు రోజూ స్కాన్ అవుతాయి కదా మేడం. నమ్మి మీ చేతికిచ్చిన కాగితాలవి. ఆ సిస్టమ్‌కి భద్రతా అప్‌డేట్లు ఆపడం మాత్రం వద్దు.

ఆ ప్రింట్‌నైట్‌మేర్ తర్వాత ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఒక నియమం మార్చింది. వేరే సిస్టమ్‌లో షేర్ చేసిన ప్రింటరుకి కలవడానికి డ్రైవరు ఎక్కించుకోవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండాల్సిందే అంది. ఆ వారమంతా ఆడిటర్ ఆఫీసుల నుంచి, లాయర్ల ఆఫీసుల నుంచి మాకు ఒకటే ఫోన్లు, ప్రింటరు పాస్‌వర్డ్ అడుగుతోందని. ప్రింటరు అడగడం లేదండీ, దొంగ డ్రైవరు లోపలికి రాకుండా విండోస్ ఆపుతోంది అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది.

కొన్నిసార్లు పాత డ్రైవరు దానంతటదే పనికిరాకుండా పోతుంది. దానికీ కారణం ఉంది. 2020లో రాబిన్‌హుడ్ అనే, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠా గిగాబైట్ కంపెనీ పాత డ్రైవర్ ఒకదాన్ని తమతోపాటు తెచ్చి, బాధితుల సిస్టమ్‌లో పెట్టింది. అది డిజిటల్ సంతకం ఉన్న అసలైన డ్రైవరే కాబట్టి విండోస్ రానిచ్చింది. అందులో ఉన్న లోపం ద్వారా యాంటీవైరస్‌ని చంపేశారు. అందుకే ఇలాంటి లోపాలున్న డ్రైవర్ల జాబితా ఒకటి మైక్రోసాఫ్ట్ పెట్టుకుంది. 2022లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ నుంచి ఆ జాబితాలో ఉన్నవాటిని మామూలుగానే ఆపేస్తోంది. ఫ్యాన్ వేగం చూపించేవి, లైట్లు మార్చేవి, అలాంటి పాత టూల్స్ ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే దీన్ని ఒకసారి అనుమానించండి.

ఇక ఆ 17 డ్రైవర్ల బొమ్మ. అది చూస్తేనే నాకు కోపం వస్తుంది. మీరే డివైస్ మేనేజర్ (సిస్టమ్‌కి తగిలించినవన్నీ చూపించే విండోస్ పేజీ) తెరిచి, కీబోర్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ చూడండి. తేదీ 2006 జూన్ 21 అని ఉంటుంది. నిన్న అప్‌డేట్ అయిన విండోస్‌లోనూ అదే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ తన డ్రైవర్లకి కావాలనే ఆ పాత తేదీ వేస్తుంది. తేదీని బట్టి కూడా విండోస్ డ్రైవర్లని ఎంచుకుంటుంది కాబట్టి, కంపెనీ ఇచ్చిన అసలు డ్రైవరు ఉంటే దానికే ముందు చోటు దక్కాలని ఆ ఏర్పాటు. ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్లయితే మరీ విచిత్రం. 1968 జూలై 18 అని ఉంటుంది. అది ఇంటెల్ కంపెనీ పుట్టిన రోజు. ఇలాంటి తేదీలు చూపించి అన్నీ పాతబడ్డాయని జనాన్ని భయపెట్టే టూల్స్ ఉన్నాయి. గోతం మీద తేదీ చూసి మిర్చి ఘాటు చెప్పినట్టు ఉంటుంది వాటి వ్యవహారం. చూడాల్సింది వెర్షన్ నంబరు, దాంతోపాటు కంపెనీ పేజీలో ఏం దిద్దారని రాసిందో. ఆ టూల్‌ని కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేయండి. డబ్బు కట్టకండి. ఏ పీడీఎఫ్ కన్వర్టర్‌తోనో కలిసి వచ్చి ఉంటుంది.

ఇప్పుడు మీ స్కానర్. బుధవారం పొద్దున అన్నారు చూడండి, నాకు అక్కడే అర్థమైంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి, అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలకి. మనకి కాలాన్ని బట్టి రాత్రి 10:30 లేదా 11:30. అందుకే మన దగ్గర ఈ ఫిర్యాదులు బుధవారమే ఎక్కువ వస్తాయి. ఆ ఊపులో మీ ప్రింటరు కంపెనీ డ్రైవరు పక్కకి జరిగి, విండోస్ సొంత సాధారణ డ్రైవరు కూర్చుని ఉంటుంది. దానితో ప్రింట్ వస్తుంది, కానీ కంపెనీ ఇచ్చిన స్కాన్ సౌకర్యం రాకపోవచ్చు. బయటి కంపెనీల ప్రింటర్ డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం మెల్లగా తగ్గిస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే చెప్పింది కూడా. కంపెనీ సైటు నుంచి మనం తెచ్చి వేసుకోవడానికి అడ్డేమీ లేదు.

డివైస్ మేనేజర్‌లో ఇమేజింగ్ డివైసెస్ కింద మీ స్కానర్ ఉందేమో చూడండి. ఉంటే ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్. ప్రొవైడర్ దగ్గర మైక్రోసాఫ్ట్ అని ఉంటే రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసగ్గా ఉంటే అప్‌డేట్ డ్రైవర్, తర్వాత బ్రౌజ్ మై కంప్యూటర్, తర్వాత లెట్ మీ పిక్ అని వెళ్తే పాతవాటి జాబితా వస్తుంది, అందులో కంపెనీ పేరున్నది ఎంచుకోండి. అసలు స్కానరే కనపడకపోతే యూఎస్‌బీ పీకేసి, కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ నుంచి పూర్తి ప్యాకేజీ దింపుకుని వేయండి. అది కేబుల్ పెట్టమన్నప్పుడే పెట్టండి. ముందే పెడితే విండోస్ మళ్లీ తన డ్రైవర్నే కూర్చోబెడుతుంది.

మిర్చి యార్డు లెక్కలు, గుంటూరు

సార్, చాలా బాగా చెప్పారు. నాదీ ఇలాంటి గొడవే, ఇక్కడే అడుగుతున్నాను. యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తాను. ఎలక్ట్రానిక్ కాటా నుంచి తూకం నేరుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వస్తుంది. కాటాకి పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది, మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ కేబుల్ వేశాం. మా ఓనరు గారు సిస్టమ్ మార్చి విండోస్ 11ది కొన్నారు. అప్పటినుంచి తూకం రావడం లేదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, పక్కన 2012 నుంచి ఇది ఆపేశాం, అమ్మినవాళ్లని అడగండి అన్నట్టు ఏదో ఇంగ్లీషులో ఉంది. సీజన్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతుంటే ప్రతి తూకం చేత్తో కొట్టాల్సి వస్తోంది. ఒక్క అంకె తప్పు పడితే రైతు నష్టపోతాడు, లేకపోతే మేము నష్టపోతాం. కేబుల్ పోయిందా?

గవర్నర్‌పేట సర్వీసింగ్, విజయవాడ

పోలేదు బాబూ. ఆ వాక్యమే అసలు సంగతి చెబుతోంది. మీ కేబుల్ లోపల ప్రోలిఫిక్ కంపెనీ పీఎల్2303 రకం చిప్పు, పాత హెచ్‌ఎక్స్ఏ తరానిది ఉంది, లేదా దానికి నకలు ఉంది. బజార్లో నకిలీలు విపరీతంగా వచ్చేసరికి ఆ కంపెనీ కొత్త డ్రైవర్లలో ఆ పాత తరాన్ని గుర్తుపట్టి, పనిచేయకుండా ఆపేసింది. మీరు చూసిన సందేశం వాళ్ల డ్రైవరు చూపించేదే. అప్‌డేట్ అంటే ఎప్పుడూ మన మేలుకే వస్తుందనుకోవద్దు. కంపెనీ తన వ్యాపారం కాపాడుకోవడానికీ పంపుతుంది.

ఇంతకన్నా పెద్ద రగడ 2014 అక్టోబరులో జరిగింది. ఎఫ్‌టీడీఐ అనే ఇంకో చిప్పుల కంపెనీ డ్రైవరు విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు నంబరుని సున్నాగా మార్చేసింది. ఆ కేబుల్ ఇంకో కంప్యూటర్‌కి పెట్టినా గుర్తించని పరిస్థితి. కొన్నవాడికి అది నకిలీ అని తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ప్రపంచమంతా గోల చేశాక ఆ డ్రైవర్ని వెనక్కి తీసుకున్నారు. కంపెనీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ కొనుక్కున్నవాడి చేతిలో వస్తువుని చంపే హక్కు ఎవరికీ లేదని ఇప్పటికీ గట్టిగా అంటాను.

మీకు అయితే, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మీ పిక్ దారిలో వెళ్లి పాత వెర్షన్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే పాత సిస్టమ్ ఇంకా కొట్లోనే ఉంటుంది కదా, సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కొత్తదాంట్లో బ్రౌజ్ దగ్గర ఆ ఫోల్డర్ చూపించండి. పాతది కూడా 64 బిట్ విండోస్ అయితేనే ఇది పనికొస్తుంది. ఏ సిస్టమ్ ఫార్మాట్ చేసే ముందైనా ఈ ఫోల్డర్ దాచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదట నేర్పేది ఇదే.

డ్రైవరు కూర్చున్నా తూకం రాకపోతే పోర్టు నంబరు చూడండి. కన్వర్టర్‌ని వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే కామ్ 3 కాస్తా కామ్ 5 అయిపోవచ్చు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇంకా 3 దగ్గరే చూస్తుంటుంది. పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో పాత నంబరు పెట్టుకోవచ్చు. స్పీడు కూడా కాటాలో ఎంత పెట్టి ఉందో ఇక్కడా అంతే ఉండాలి. ఇంత చేసినా విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్త డ్రైవర్ని తెచ్చిపెడితే, సీజన్లో దానితో కుస్తీ పట్టకండి. వేరే చిప్పు ఉన్న మంచి కన్వర్టర్ ఒకటి కొనేయండి.

అమరావతి రోడ్, గుంటూరు

గ్రాఫిక్స్ కార్డులకి నెలనెలా డ్రైవర్లు వస్తుంటాయి కదా, అవన్నీ వేయాలా? నేను పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేస్తాను. గేములు ఆడను.

గవర్నర్‌పేట సర్వీసింగ్, విజయవాడ

అక్కర్లేదు. ఎక్కువ భాగం కొత్త గేములకి అనుకూలంగా మార్చినవే. ఎన్విడియా అయితే ఎడిటింగ్ చేసేవాళ్లకి స్టూడియో డ్రైవర్ అని విడిగా ఇస్తుంది, అది వేసుకోండి. ఒక పెళ్లి ప్రాజెక్టు మధ్యలో ఉండగా మాత్రం మార్చకండి. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ వల్ల కొందరి కార్డుల్లో ఫ్యాన్ సరిగ్గా తిరక్క వేడెక్కిపోయాయి, కంపెనీ దాన్ని వెంటనే తీసేసింది. కొత్తది వచ్చాక రెండు మూడు వారాలు ఆగితే ఇలాంటివి బయటపడిపోతాయి. భద్రతా లోపం దిద్దాం అని రాస్తే మాత్రం ఆగొద్దు.

కొత్తపేట మనీ పాయింట్, గుంటూరు

వేలిముద్రతో డబ్బులు తీసే మిషన్ల సంగతి కూడా చెప్పండి సార్. మా పాత వేలిముద్ర మిషన్ చక్కగా పనిచేస్తుండగానే ఇక చెల్లదన్నారు. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే సరిపోయేది కదా, కొత్తది ఎందుకు కొనిపించారు?

గవర్నర్‌పేట సర్వీసింగ్, విజయవాడ

ఇది మాత్రం డ్రైవర్‌తో తీరేది కాదండీ. పాతవి ఎల్0 రకం. అందులో వేలిముద్రకి తాళం వేసే పని, అంటే ఎన్‌క్రిప్షన్, మీ కంప్యూటర్లో ఉన్న ఆర్‌డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కంప్యూటర్లో వైరస్ ఉంటే ఆ తాళం పడేలోపే ముద్రని కాజేసే అవకాశం ఉంటుంది. ఎల్1 రకంలో ఆ పని మిషన్ లోపలే జరిగిపోతుంది, బయటికి వచ్చేదే తాళం వేసిన సమాచారం. లోపల దానికి తగ్గ చిప్పు ఉండాలి. లేని చిప్పుని ఏ అప్‌డేటూ తెచ్చిపెట్టలేదు. ఖర్చు బాధే, కానీ పింఛను డబ్బు తీసుకునే ముసలమ్మ వేలిముద్ర దొంగ చేతిలో పడితే పాస్‌వర్డ్‌లా మార్చుకోలేదు. ఆ మార్పు సరైనదే.

బ్రాడీపేట జిరాక్స్, గుంటూరు

సార్, చాలా చాలా థ్యాంక్స్. ఇమేజింగ్ డివైసెస్‌లో స్కానర్ ఉంది, ప్రొవైడర్ మైక్రోసాఫ్ట్ అనే ఉంది. రోల్ బ్యాక్ బటన్ మసగ్గా ఉంటే లెట్ మీ పిక్ లోంచి కంపెనీ పేరున్నది పెట్టాను, స్కాన్ వచ్చేసింది. ఆ 17 డ్రైవర్ల బొమ్మ కూడా తీసేశాను. కీబోర్డుకి నిజంగానే 2006 అని ఉంది, మా పిల్లలకి కూడా చూపించాను.

ఇంకొక్క రెండు విషయాలు. మళ్లీ వచ్చే నెల బుధవారం ఇలాగే అయితే? రెండో సిస్టమ్ విండోస్ 10లోనే ఉంది, లేజర్ ప్రింటరు దానికే ఉంది. 11కి మార్చమంటారా?

గవర్నర్‌పేట సర్వీసింగ్, విజయవాడ

సంతోషం మేడం. డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్ అని స్టార్ట్‌లో వెతకండి, అందులో నో పెట్టండి. అలా పెట్టినా విండోస్ ఒక్కోసారి డ్రైవర్ తెచ్చిపెడుతుంది, కానీ తగ్గుతుంది. ఇంకా మంచిది, పరీక్షల రద్దీ ఉన్న వారాల్లో విండోస్ అప్‌డేట్ పేజీలో పాజ్ పెట్టుకోండి, అయిదు వారాల దాకా ఆపుకోవచ్చు. తర్వాత ఒక శనివారం రాత్రి షాపు కట్టేముందు మీరే అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేసి, ఒక ప్రింట్, ఒక స్కాన్ తీసి చూసుకుని ఇంటికి వెళ్లండి. ఏదైనా తేడా వస్తే ఆదివారం మీ చేతిలో ఉంటుంది. ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కనిపించే డ్రైవర్ల జోలికి, ఆ వస్తువుతో మీకు ఇబ్బంది ఉంటే తప్ప వెళ్లకండి.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కాబట్టి మారాల్సిందే, కానీ తొందరపడి కాదు. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. మీ రెండో సిస్టమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ చూసి, 32 బిట్ అని ఉంటే ముందు లేజర్ ప్రింటరుకి 64 బిట్ డ్రైవరు ఉందో లేదో తేల్చుకోవాలి. రన్‌లో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని ఇంగ్లీషులో కొడితే మదర్‌బోర్డు మోడల్, ప్రాసెసర్ రెండూ వస్తాయి. ఇంటెల్ అయితే, ఒకటీ అరా తప్ప, 8వ తరం, ఆ పైనవాటికే 11 అధికారికంగా ఎక్కుతుంది, సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి.

ఆ స్క్రీన్ ఫొటో తీసి, ప్రింటరు వెనకాల స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబరుతో సహా ఇక్కడ పెట్టండి. డ్రైవరు ఉందో లేదో చూసి చెబుతాను. అప్పటిదాకా ఏమీ కొనకండి.